సబ్ వూఫర్ కొనబోతున్న మేనల్లుడికి

కడప

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

అనంతపురంలో కొత్త ఇంటి హాల్లో హోమ్ థియేటర్ బిగించావనీ, మాటలు చక్కగా వినబడుతున్నా బేసు మాత్రం గుండెకు తగలడం లేదనీ, అందుకని ఇప్పుడున్న 10 అంగుళాల సబ్ వూఫర్ (బేసు పలికించే ప్రత్యేక పెట్టె) తీసేసి 12 అంగుళాలది కొనాలనుకుంటున్నావనీ రాశావు. ఆ డబ్బు కొన్నాళ్లు ఆపి ఉంచు. 30 ఏళ్లు మైక్ సెట్ల అంగడి నడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: ఇళ్లల్లో బేసు చెడేది చాలావరకు పెట్టె చిన్నదై కాదు, పెట్టె పెట్టిన చోటూ మనిషి కూర్చున్న చోటూ కుదరక.

నీ హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అన్నావు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది కనుక, 35 హెర్ట్జ్ (సెకనుకు 35 కంపనాల) ధ్వని తరంగం ఒక్కొక్కటి 32 అడుగుల పొడవుంటుంది, అంటే నీ హాలు దానికి సరిగ్గా సగం. అలాంటి తరంగం ఎదురెదురు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి, గోడల దగ్గర పోగుపడుతుంది, నట్టనడుమ దాదాపు లేకుండా పోతుంది. 1,130లో సగమైన 565ను గది కొలత అడుగులతో భాగిస్తే, ఏ హెర్ట్జ్ దగ్గర అలా అవుతుందో లెక్క తేలుతుంది. వెడల్పుకు వేసి చూస్తే 47 హెర్ట్జ్ వస్తుంది. సోఫా గది నడుమ వేసుకున్నానని నువ్వే రాశావు కదా, దొంగ అక్కడే దొరికాడు. దాన్ని వెనక గోడకు 5 అడుగుల దూరం వరకూ జరుపు. గోడకు పూర్తిగా ఆనించావంటే బేసు ఎక్కువే వస్తుంది గానీ, ఏ వాయిద్యమైనా ఒకటే గుమగుమలా వినబడుతుంది.

సబ్ వూఫర్‌కు చోటు వెతకడానికి ఒక మోటు పద్ధతి ఉంది, యంత్రాలు వచ్చాక కూడా నేను దాన్ని వదల్లేదు. పెట్టెను తీసుకొచ్చి నువ్వు కూర్చునే చోట పెట్టి, బేసు బాగా నడిచే పాట ఒకటి వేసి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ చెవి నేలకు దగ్గరగా పెట్టి విను. ఒక చోట మోత, ఒక చోట ఏమీ లేనట్టు, ఇంకొక చోట ప్రతి స్వరమూ విడివిడిగా వినబడుతుంది. ఆ మూడోది గుర్తుపెట్టుకుని పెట్టెను అక్కడికి మార్చు. మా ఇంట్లో నేను లుంగీ ఎగగట్టి ఇలా పాకుతుంటే మీ అత్త కాఫీ తెచ్చి, "ఏం పారేసుకున్నారు?" అని బల్ల కింద వెతకడం మొదలుపెట్టింది. చివరకు నాకు నచ్చిన చోటు టీవీ పక్కన కాదు, బీరువా పక్కన దొరికింది. 80 హెర్ట్జ్ లోపలి ధ్వని ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి పట్టలేదు కాబట్టి అలా పెట్టినా ఫరవాలేదు.

ఇక స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్ సంగతి. స్పీకర్లన్నిటినీ 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్ (ఏ హద్దు కిందున్న బేసు సబ్ వూఫర్‌కు వెళ్లాలో చెప్పేది) 80 హెర్ట్జ్‌కు ఉంచు. సబ్ వూఫర్ వెనక ఉన్న క్రాసోవర్ మీటను ఎక్కువ అంకె వైపు చివరిదాకా తిప్పేయి, లేకపోతే ఒకే పనిని ఇద్దరు చేసినట్టై మధ్యలో బేసు కరువవుతుంది. ఫేజ్ స్విచ్‌ను (తరంగాన్ని తలకిందులు చేసే మీటను) 0 దగ్గరా 180 దగ్గరా మార్చి, సోఫాలో కూర్చున్నవారికి ఎక్కడ నిండుగా వినబడితే అక్కడ వదిలేయి. ఒక పెళ్లిపందిట్లో రెండు బేసు పెట్టెల్లో ఒకదానికి వైర్లు తారుమారుగా తగిలించి, పందిరంతా బేసు లేక గంటసేపు తల పట్టుకున్నవాణ్ణి నేను. రెండూ ఒకదాన్నొకటి మింగేశాయి. మైకుతో ఆటోమేటిక్‌గా సరిచేసే సదుపాయం ఉంటే, మైకును చేతిలో పట్టుకోకుండా చెవి ఎత్తున స్టాండు మీద నిలబెట్టి, ఫ్యాను ఆపి చెయ్యి. మన ఎండలకు ఆ పది నిమిషాలు కష్టమే.

బండల నేల వల్లే బేసు రావడం లేదని ఎవరో చెప్పారన్నావు, అది నిజం కాదు. బండలూ గోడలూ బేసును లోపలే ఉంచుతాయి. తివాచీ, కర్టెన్లు వేస్తే మాటల గలగల తగ్గుతుందే గానీ, 40 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే 7 అడుగులున్నప్పుడు అంగుళం మందం గుడ్డ దాన్ని ఏం చెయ్యగలదు? అంతకంటే గిన్నెల స్టాండునూ కిటికీ రెక్కలనూ చూసుకో. 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే ధ్వనిని వేసి, ఏది ఎప్పుడు గలగలలాడుతుందో చేత్తో పట్టి చూసి, పాత సైకిల్ ట్యూబు ముక్కలు అడుగున పెట్టు. మా ఇంట్లో స్టీలు పళ్లెం ఒకటి సరిగ్గా యుద్ధం సీన్లలోనే మోగేది.

ఇవన్నీ చేశాక కూడా చాలదనిపిస్తే అప్పుడు కొను, అయితే వాట్లు చూసి మోసపోకు: 100 వాట్లు 200 అయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొద్ది తేడాయే. ఉన్న పెట్టెను తీసేసి పెద్దది తెచ్చేకంటే, అలాంటిదే ఇంకొకటి కొని ఎదురు గోడ నడుమ ఒకటి, ఈ గోడ నడుమ ఒకటి పెడితే హాలంతా బేసు సమంగా పరుచుకుంటుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు కొలిచే టేపు నేనే తెస్తాను. అప్పటికి సోఫా జరిపి ఉంచు.

ఇట్లు,
మీ మామ