ధర్నా అన్న, అర్జీ సారు: ఎవరి వైపు ఉండాలి?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతిలో ఒక కాలనీ. పక్కనే వంక ఉంది. ఉంది అంటే మ్యాపులో ఉంది, బయట సగం కూడా మిగల్లేదు. 2021 నవంబరు వానలకి మా ఇంట్లో నడుములోతు నీళ్ళు. ఆక్రమణలు తీయించాలని కమిటీ పెట్టుకుంటే ఇప్పుడు అందులోనే గొడవ. ఒకన్న రోడ్డు మీద కూర్చుంటే తప్ప ఎవరూ కదలరంటాడు. రిటైరైన సారొకరు సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చొస్తారు, ధర్నా మాటెత్తితే ఆయనకు కోపం. ఇంకో అమ్మాయి ఆర్టీఐలు వేస్తుంది. వాట్సాప్ గ్రూపులో 'అమ్ముడుపోయారు', 'రౌడీలు' అని తిట్టుకునేదాకా వచ్చింది. నేనెవరి వైపు ఉండాలి?
– పేరు వద్దు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, నీకు ఆ ముగ్గురూ కావాలి. ఆ అమ్మాయి ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు తెచ్చి వంక పోరంబోకు వెడల్పు ఎంతో కాగితం మీద చూపించకపోతే, ధర్నాలో మీరు ఏమడుగుతున్నారో అర్థం కానట్టు ఆఫీసర్లు గమ్మునుండిపోతారు. ధర్నా లేకపోతే సారు అర్జీకి 'పరిశీలనలో ఉంది' అని ఒక ముక్క రాసి ఫైలు మూసేస్తారు. జనాన్ని చూసి 'సరే, మాట్లాడదాం రండి' అన్న రోజున లోపలికెళ్ళి సర్వే తేదీ రాయించుకుని, సంతకం పెట్టించుకుని రావడానికి మళ్ళీ ఆ సారు ఓపికే కావాలి.

మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమంలో పనిచేసిన బిల్ మోయర్ అని ఒకాయన, ఉద్యమాల్లో నాలుగు పాత్రలుంటాయన్నాడు: నలుగురూ నమ్మే మామూలు పౌరుడు, ఎదురుతిరిగేవాడు, జనాన్ని కూడగట్టేవాడు, ఆఫీసుల్లో చట్టాల్లో మార్పు తెచ్చేవాడు. నాకు ఈ లెక్క కంటే, ఏ పాత్రనైనా చెడగొట్టొచ్చు అని ఆయనన్న మాటే నచ్చింది. మీ ధర్నా అన్న రాయి విసిరితే వీధిలో వాళ్ళు తలుపులేసుకుంటారు. సారు ఎవరినీ అడక్కుండా 'సగం తీస్తే చాలు' అని ఒప్పుకుని వస్తే అదీ అంతే నష్టం.

మన పక్క జిల్లానే చూడు. 1992 సారా ఉద్యమం అనగానే చీపుళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళే గుర్తొస్తారు, రావాల్సిందే. కానీ నెల్లూరు జిల్లా దూబగుంటలో వాళ్ళు కలిసి కూర్చున్నది అక్షరాస్యత కేంద్రంలో, అంటే ముందు ఎవరో వాళ్ళకు చదువు చెప్పారు, కూర్చుని మాట్లాడుకునే చోటిచ్చారు. సారా వేలంపాటల్ని అడ్డుకున్నది ఆ ఆడవాళ్ళే, పేపర్లు రాశాయి, మన చిత్తూరు జిల్లాకీ పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995లో పూర్తి మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో ఎత్తేశారు. సర్కారు రాబడి పోతోందంది. నన్నడిగితే, జీవో చేతికొచ్చాక జనం ఇళ్ళకెళ్ళిపోయారు, కాపలాకి ఎవరూ మిగల్లేదు. జేసీబీ వచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి మీ వంకను చూసుకునేదెవరో ఇప్పుడే అనుకోండి.

ఇంకోటి, వంక గట్టున గుడిసెలున్నవాళ్ళతో ముందే మాట్లాడండి. పెద్ద కాంపౌండు గోడల్ని వదిలేసి జేసీబీ నేరుగా వాళ్ళ మీదకే పోతుంది, ఇది కొత్తేం కాదు. వాళ్ళ తరఫున ఒకరు కమిటీలో ఉండాలి.

ఎవరి పని వాళ్ళని చెయ్యనివ్వండి, కానీ లోపల ఎవరు మాట్లాడినా గ్రూపులో అడక్కుండా దేనికీ తలూపకూడదు. ఈ ఒక్క షరతు పెట్టు, తిట్లు చాలావరకు ఆగుతాయి.

ప్రశ్న: మా బడి దగ్గర వైన్ షాపు తీసేయించాలని తల్లులు తిరుగుతున్నారు. నేను గవర్నమెంటు టీచర్ని, ధర్నాకి వెళ్తే ఉద్యోగానికి ఇబ్బందేమోనని టెన్షన్. ఇంట్లో కూర్చుంటే సిగ్గుగా ఉంది.
– ఒక టీచరమ్మ, చిత్తూరు

జవాబు: ధర్నాకి వెళ్ళొద్దమ్మా, అక్కడ మనుషులున్నారు కదా. సెలవు రోజున టేపు పట్టుకుని బడి గేటు నుంచి షాపు దాకా దూరం కొలువు, మీ తల్లుల్లో ఇద్దర్ని పక్కన పెట్టుకో, ఫోటోలు తియ్యి. ఆ అంకె వాళ్ళ చేతికివ్వు, అర్జీ వాళ్ళ పేరుతోనే వెళ్తుంది.