గుండె డాక్టరు దగ్గర ఏఆర్‌టీ మందులు దాచకు

తమ్ముడూ,

హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులతో నీ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనబడనంతగా తగ్గిందన్నావు, చాలా సంతోషం. ఆ వెంటనే బీపీ 160 ఉందనీ, బయట గుండె డాక్టరుకు చూపించుకుంటున్నాననీ, ఆయనకు మన హెచ్‌ఐవీ సంగతి చెప్పలేదనీ అన్నావు. ఆ చివరి మాట దగ్గరే నాకు గుబులు పుట్టింది.

ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ రోజుల్లో మందు మొదలుపెట్టిన మాకు టీబీ భయం, సీడీ4 (రోగాలతో పోరాడే కణాల లెక్క) పడిపోతుందనే భయం. గుండె గురించి బెంగపడే వయసు దాకా బతుకుతామని ఎవరనుకున్నారు! వైరస్ అణిగి ఉన్నా ఒంట్లో కొద్దిపాటి ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) మిగిలే ఉంటుంది. ఏళ్ల తరబడి అది రక్తనాళాల గోడల్ని పాడుచేస్తుంది. అందుకే గుండెపోటు ముప్పు మనకు మిగతావాళ్లకంటే ఒకటిన్నర నుంచి రెండింతలు ఎక్కువంటారు. ఇది విని ఏఆర్‌టీకి మాత్రం విరామం ఇవ్వకు. 2006లో వచ్చిన స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో, మందులు ఆపి ఆపి వాడినవాళ్లలోనే మరణాలూ, గుండె, కిడ్నీ, లివర్ జబ్బులూ ఎక్కువగా కనిపించాయి.

ఇక దాచడం గురించి. నువ్వు వేసుకునేది టీఎల్‌డీ (మూడు మందులు కలిపిన ఏఆర్‌టీ మాత్ర) అయితే కొంత నయం, గుండె మందులతో దానికి పెద్దగా పేచీ లేదు. కానీ అందులోని డోల్యూటెగ్రావిర్ వల్ల షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రక్తంలో పెరిగిపోతుంది, దాని డోసు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. గ్యాస్ పట్టిందని యాంటాసిడ్ తాగాలంటే టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే తాగాలి. ముందే తాగేస్తే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి.

అసలు చిక్కు సెకండ్ లైన్‌లో, అంటే మొదటి మందులు పనిచేయక వేరేవాటికి మారి ఉన్నవాళ్లకి. అటాజనావిర్, లోపినావిర్ లాంటి ఆ మందులతో పాటు రిటోనావిర్ అనే మందు ఉంటుంది. దాంతో కలిపి కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ ఇస్తే కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ సరిగా పనిచేయదు, దాని బదులు వాడే టికాగ్రెలార్ అయితే రక్తంలో మితిమీరి రక్తస్రావం కావచ్చు. వీటికి బదులు వేరే మందులున్నాయి. కానీ నువ్వు నోరు విప్పకపోతే ఆ డాక్టరు వాటిని ఎందుకు రాస్తాడు?

సిగ్గు, భయం ఎలా ఉంటాయో నాకు తెలియనివి కావు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీ అనుమతి లేకుండా నీ సంగతి బయటపెట్టకూడదు, జబ్బు పేరు చెప్పి వైద్యం నిరాకరించకూడదు. చట్టం ఉన్నంతమాత్రాన గుసగుసలు ఆగవనుకో. అందుకే గదిలో కాంపౌండరు ఉంటే, 'డాక్టరుగారితో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి' అని అడుగు.

అలాగే ఏఆర్‌టీ సెంటర్‌లో స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) గురించి అడుగు. 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనం మన దేశంతో సహా పన్నెండు దేశాల్లో జరిగింది. అందులో హెచ్‌ఐవీ ఉన్న 7,769 మంది, 40 నుంచి 75 ఏళ్లవాళ్లు, గుండె ముప్పు మరీ ఎక్కువ లేనివాళ్లే. రోజూ పిటావాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 35 శాతం తగ్గాయి. నీకు నలభై దాటాయి కాబట్టి అడగడంలో తప్పులేదు. మెడికల్ షాపులో మాత్రం సొంతంగా కొనకు.

బీడీ మానెయ్, దీని మీద బేరం లేదు. ఆవకాయ పూర్తిగా వదలమనను, అన్నంలో ముద్దముద్దకీ నంజుకోవడం తగ్గించు. టీఎల్‌డీకి మారాక బరువు పెరిగేవాళ్లు చాలామంది, నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటనీయకు. ఏడాదికోసారైనా షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకో. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే సోడా తాగి పడుకోకు, 108కి ఫోన్ చెయ్.

ఈసారి గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏఆర్‌టీ పుస్తకం, నువ్వు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లు. ఆయన కొత్తగా రాసిన చీటీ ఏఆర్‌టీ డాక్టరుకూ చూపించు. ఒక్కడివే వెళ్లడానికి ధైర్యం చాలకపోతే చెప్పు, నేనూ వస్తాను.

నీ అన్న