రామ్ చేప గుడ్లు తెల్లబడితే తప్పు తల్లిది కాదు

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి రెండడుగుల అక్వేరియంలో జర్మన్ బ్లూ రామ్ చేపల జత పెంచుతున్నాడు. నాలుగు నెలల్లో మూడుసార్లు గుడ్లు పెట్టాయి. మర్నాటికే చాలావరకు తెల్లబడుతున్నాయి, మూడో రోజుకి ఒక్కటీ ఉండటం లేదు. తల్లే తినేస్తోంది, గుడ్లు పెట్టగానే దాన్ని వేరే తొట్టిలో వేయమని దుకాణంలో చెప్పారు. వాడేది బోరు నీళ్లు, మీటరు పెడితే టిడిఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 650 చూపిస్తోంది. అడుగున సూర్యలంక నుంచి తెచ్చిన ఇసుక, గవ్వలు వేశాం. నాలుగు గప్పీలు, ఒక సక్కర్ చేప కూడా అందులోనే ఉన్నాయి. ఏం చేయాలి? పిల్లలు వస్తే అమ్ముకోవచ్చా?
– ఒక వేరుశనగ రైతు, బాపట్ల

జవాబు: ముందు తల్లిని వేరు చేసే ఆలోచన మానండి. రామ్ చేపల్లో తల్లీతండ్రీ ఇద్దరూ గుడ్లను కాస్తారు. రెక్కలతో విసురుతూ గుడ్లకు గాలి తగిలేలా చేస్తారు. చెడిన గుడ్డు కనబడితే దాని బూజు పక్కదానికి అంటకుండా నోటితో ఏరేస్తారు. మీవాళ్లు చూసింది ఎక్కువగా ఇదే అయి ఉంటుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డు తేనెరంగులో, లోపలికి వెలుగు పోయేలా ఉంటుంది. తెల్లగా ముత్యంలా మారిందంటే అందులో ప్రాణం లేదు. తేనెరంగు గుడ్లే ఉన్నట్టుండి మాయమైతే అప్పుడు తల్లిదండ్రుల్నో, తొట్టిలోని మిగతా చేపల్నో అనుమానించాలి. మీ దగ్గర గుడ్లు ముందు తెల్లబడుతున్నాయి కాబట్టి రెండే చూడాలి: నీళ్లు, మగచేప.

నీళ్ల సంగతే మొదట. ఈ చేప పుట్టిల్లు వెనిజులా, కొలంబియా దేశాల్లోని ఒరినోకో నది పరీవాహకం. జర్మన్ అన్నది పేరులోనే. అక్కడి నీళ్లలో సున్నం దాదాపు ఉండదు, పైగా కాస్త పులుపు. మీ బోరు నీళ్లలో పెద్ద చేపలు బతికేస్తాయి, గుడ్లు కూడా పెడతాయి. గుడ్లలో పిల్ల తయారు కావడం దగ్గరే ఆగిపోతుంది. దీనికి తోడు మీరు వేసిన గవ్వలు సున్నమే. నీళ్లు మార్చిన ప్రతిసారీ అవి కొద్దికొద్దిగా కరిగి నీళ్ల గట్టిదనాన్ని, అంటే సున్నం పాలును, పెంచుతూనే ఉంటాయి. సముద్రపు ఇసుకలోనూ చిప్పల పొడి ఉంటుంది. రెండూ తీసేసి, బాగా కడిగిన ఏటి ఇసుక పలచగా వేయండి. గుడ్లు పెట్టడానికి రాయి కావాలని కడప బండ ముక్క వేస్తుంటారు, అదీ సున్నపురాయే. ఏ రాయైనా నిమ్మరసం పిండి చూడండి, బుసబుస పొంగితే తొట్టిలోకి వద్దు. పగిలిన కుండపెంకు అన్నిటికంటే మేలు.

ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే దాని నీళ్లు టిడిఎస్ 40 వరకు ఉన్నాయనుకుందాం. తొమ్మిది వంతుల ఆర్వో నీళ్లకు ఒక వంతు బోరు నీళ్లు కలిపితే 100 దగ్గరికి వస్తుంది. అంతకంటే తగ్గించాల్సిన పని లేదు. టిడిఎస్ మీటరు ఉప్పునూ సున్నాన్నీ విడదీసి చెప్పదు, కానీ మీ అవసరానికి ఆ అంకె చాలు. ఒక్కరోజులో మార్చేయకండి. మీటరు 100 దగ్గరికి దిగేదాకా రోజు విడిచి రోజు పదో వంతు నీళ్లు తీసి, ఈ కలిపిన నీళ్లు పోయండి. నీళ్లు మెత్తబడ్డాకే వీధుల్లో నీడకు పెంచే బాదం చెట్టు ఎండుటాకులు రెండు వేయండి. ఇప్పుడే వేస్తే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయే గానీ పిహెచ్ (నీళ్ల పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) కదలదు. పిహెచ్ 6, 6.5 మధ్య ఉంటే సరి. వేడి 28, 29 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. చలికాలం రాత్రుళ్లు హీటర్ లేకుండా కుదరదు.

ఇక మగచేప. జత అని అమ్మినవి రెండూ ఆడవే కావడం అరుదేం కాదు. రెండు ఆడచేపలు కూడా రాయి శుభ్రం చేసుకుని గుడ్లు పెట్టేస్తాయి, అవన్నీ తెల్లబడిపోతాయి. ఆడదానికి పొట్ట గులాబీ రంగులో ఉంటుంది, ఒంటిమీది నల్లమచ్చలో నీలి మెరుపు చుక్కలు కనిపిస్తాయి. మగదానికి వీపు రెక్క ముందువైపు ముల్లు పొడవుగా లేస్తుంది. రంగు కోసం హార్మోన్లు తినిపించి పెంచిన మగచేపలు పనికిరాకపోవడమూ ఉంది. నీళ్లు సరిచేశాక కూడా రెండుసార్లు పెట్టిన గుడ్లన్నీ తెల్లబడితే మగచేపను మార్చండి.

గప్పీలను, సక్కర్ చేపను వేరే తొట్టిలోకి తీయండి. సక్కర్ రాత్రిపూట తిరిగే దొంగ. చీకట్లో రామ్‌లకు అది కనబడదు. దాన్ని వెంటనే తీయడం కుదరకపోతే గుడ్లున్న రోజుల్లో గదిలో చిన్న బెడ్‌లైటు ఉంచితే మంచిది. సక్కర్‌ను మాత్రం కాలవలోనో చెరువులోనో వదలకండి. ఇప్పటికే మన చెరువుల్లో అది దెయ్యం చేపై కూర్చుంది, వలలు చింపుతోంది.

గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి. ఆ తర్వాత నాలుగైదు రోజులు పిల్లలు ఇసుక గుంటలో తోకలాడిస్తూ పడి ఉంటాయి. కడుపులోని సొన అయ్యేదాకా మేత అక్కర్లేదు. ఈదడం మొదలెట్టిన రోజు నుంచే అసలు టెన్షన్. నోరు చాలా చిన్నది, పొడి మేత పనికిరాదు. మందు కొట్టని వరిగడ్డి గుప్పెడు, తొట్టి నీళ్లున్న సీసాలో వేసి వారం ముందే కిటికీ దగ్గర పెట్టండి. అందులో పుట్టే సూక్ష్మజీవులు మొదటి రెండు మూడు రోజులకు సరిపోతాయి. తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లలు. ఈ విషయంలో మీరు అదృష్టవంతులు, మీ తీరంలో రొయ్య హేచరీలున్నాయి. ఆర్టీమియా డబ్బా గురించి అక్కడ ఎవరినడిగినా చెబుతారు. లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు వేసి, గాలి పెట్టి 28 డిగ్రీల్లో ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి. కింద చేరిన పిల్లల్ని సన్నటి గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి, రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా వేయండి. తిన్న చేపపిల్ల పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది. భూతద్దంతో చూస్తే ఆకలితో ఉన్నవేవో తెలిసిపోతుంది. ఫిల్టర్ స్పాంజిదే వాడండి, వేరేదైతే పిల్లల్ని లాగేసుకుంటుంది.

అమ్మకం గురించి అడిగారు. ఒక్కోసారి 150 నుంచి 300 గుడ్లు పెట్టినా, కొత్తవాళ్లకు అందులో పాతిక ముప్పై పిల్లలు నిలిస్తే గొప్పే. అమ్మే సైజుకు మూడు నాలుగు నెలలు సాకాలి, ఆ నీళ్లన్నీ ఇలా ఆర్వో కలిపినవే కావాలి. మీ బోరు నీళ్లతో చేపలమ్మి డబ్బు చూడాలనుకుంటే మోలీలు, గప్పీలు మేలు. సున్నం నీళ్లంటే వాటికి ఇష్టం, గుడ్ల గొడవ లేకుండా నేరుగా పిల్లల్నే కంటాయి. రామ్‌లను మీ అబ్బాయి సరదాకు వదిలేయండి. ఆ జతకు వయసెంతో మాత్రం దుకాణంలో కనుక్కోండి. ఈ చేపలు రెండు మూడేళ్లకు మించి బతకవు, ముసలిదైన జతతో ఎంత కష్టపడ్డా ఫలితం ఉండదు.