ఆ నాలుగు అక్షరాలూ జాగ్రత్త

చిట్టితల్లీ,

హాంకాంగ్‌లో ఉద్యోగం వచ్చిందనీ, అప్పుడే కాంటోనీస్ మొదలుపెట్టావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వపడ్డానో! కానీ నువ్వు ముందుగా పట్టుకున్నది 'తోంగ్ తా చి నిన్' అని విని గుండె గుభేలుమంది. బరిలో దిగి కొట్టగలిగే వయసు, మంచి ఊపులో ఉన్న వయసు అని దాని భావం. అక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్ల గురించీ సినిమా తారల గురించీ తరచుగా అంటారు.

ఉచ్చారణ సంగతి. కాంటోనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి జ్యుత్‌పింగ్, ఆ రాతను ఇంగ్లీషులా చదవకు. అందులో 'డి' మన త, 'టి' మన థ. ఒత్తులు దిద్దుకున్న మనకు ఈ తేడా కొత్త కాదు. కష్టమంతా స్వరాలతోనే, అంటే గొంతు ఎత్తుపల్లాలతోనే. వాటిని అంకెలతో గుర్తిస్తారు, ఇక్కడ వరుసగా 1, 2, 1, 4. 'తోంగ్' పైనే నిలుపు, 'తా' పైకి లేపు, 'చి' మళ్లీ పైన, 'నిన్' కిందికి జార్చు. మొదటిదాన్ని కాస్త దించి మూడో స్వరంలో అంటే తాకట్టు అనే అర్థం వస్తుంది. గబ్బిలం నాణెం పట్టుకున్నట్టు ఉండే బోర్డులు చూస్తావు, అవి తాకట్టు దుకాణాలవే.

నా అసలు భయం వేరే. నేను అక్కడ ఉన్న రోజుల్లో మన తెలుగు కుర్రాడొకడు టీవీలో ఆట చూస్తూ ఈ మాట విన్నాడు. దాని ముందు 'గ్వో చో' అని ఉంది. 'దాటిపోయింది' అని. అతను మొత్తం కలిపి పొగడ్త అనుకున్నాడు. మా లెక్కలు చూసే పెద్దావిడ పుట్టినరోజు విందులో లేచి నిలబడి, నవ్వుతూ, బిగ్గరగా అదే అన్నాడు. ఆవిడ చాప్‌స్టిక్స్ పళ్లెం మీద ఆనించి నీళ్లు తాగింది. బల్ల చుట్టూ ఎవరూ పలకలేదు. వాడికి ఎంతసేపటికీ అర్థం కాలేదు. బయటికి తీసుకెళ్లి నేనే చెప్పాను. మర్నాడు వాడు క్షమాపణ అడిగితే ఆవిడ సరేనంది. కానీ అంతకుముందు ప్రతిరోజూ వాడికి మాటలు నేర్పిన మనిషి, తర్వాత నేర్పలేదు.

అందుకే పెద్దవాళ్ల దగ్గర వయసు ఊసెత్తకు, పొగడ్తగానైనా సరే. నీ గురించి నువ్వూ అనుకోకు, గొప్పలు పోయినట్టుంటుంది. తోటివాళ్లను మెచ్చుకోవడానికి వాడు, చాలు. ఎక్కడైనా కొత్త మాట వింటే దాని ముందూ వెనకా ఏముందో అడిగి తెలుసుకో. అడగడానికి నీకు నామోషీ అని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ అంతే. అది ఇక్కడే వదిలేసి వెళ్లు తల్లీ.

ఆదివారం ఫోను చేసి ఆ నాలుగూ పలికి వినిపించు. 'నిన్' సరిగ్గా జారేదాకా పెట్టనివ్వను.

మీ మామయ్య