పిప్పిని లోపలే ఉంచి పన్ను మూసేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు ఏడేళ్లు. చివరి దవడ పన్ను మీద గాడిలో గోధుమరంగు గీత కనిపించింది. నొప్పేమీ లేదు. ఇక్కడి డాక్టరు పిప్పి ఇప్పుడే మొదలైందని, డ్రిల్ చేయకుండా గాడిని మూసే సీలెంట్ అనే పూత వేస్తానని అన్నారు. పిప్పిని లోపలే పెట్టి మూస్తే పన్నంతా తినేస్తుందని, అయినా పాలపన్నే కదా, ఊడిపోతుందని మా అత్తగారు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అది పాలపన్ను కాదమ్మా. ఆరేళ్లప్పుడు పాలపళ్లన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే వచ్చేస్తుంది. అందుకే చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఊడితే మళ్లీ రాదు.

ఇక అత్తగారి భయం. నా దగ్గరకొచ్చే పెద్దవాళ్లలో చాలామంది ఇదే అడుగుతారు. పిప్పి చేసే క్రిములు మనం తినే చక్కెర, పిండి పదార్థాల మీదే బతుకుతాయి. గాడి గట్టిగా మూసుకుంటే వాటికి తిండి అందదు. చాలావరకు చస్తాయి, మిగిలినవి చేతకాక పడుంటాయి. ఎనామెల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, ఇంకా విరగని తొలిదశ పిప్పి మీద కూడా సీలెంట్ వేయొచ్చని అమెరికన్ డెంటల్ అసోసియేషన్, అక్కడి పిల్లల దంతవైద్యుల అకాడమీ కలిసి 2016లో సిఫార్సు చేశాయి. గుంట పడినా, లోపల నల్లటి నీడ కనిపించినా మాత్రం ఫిల్లింగ్ తప్పదు. ఉందో లేదో చూద్దామని పిన్నుతో గుచ్చకండి, మెత్తబడిన ఎనామెల్ అక్కడే విరుగుతుంది.

ఇంజెక్షన్ ఉండదు. పన్ను శుభ్రం చేసి, ఆసిడ్ జెల్ కాసేపు పెట్టి కడిగి, ఆరబెట్టి, సీలెంట్ పోసి నీలం లైటుతో గట్టిపరుస్తారు. అసలు తంటా ఉమ్ముతోనే. ఆరబెట్టాక పిల్లాడు నాలుక పెట్టాడా, మళ్లీ మొదటికే. తడి మీద వేసిన సీలెంట్ నిలవదు. పన్ను పూర్తిగా బయటికి రాకపోయినా, బాబు కుదురుగా కూర్చోకపోయినా గ్లాస్ అయనమర్ అనే సిమెంట్ వేయమని అడగండి, అది కాస్త తడిని ఓర్చుకుంటుంది.

మీది నల్లగొండ జిల్లా కాబట్టి ఇంకో మాట. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే మచ్చలు రెండువైపుల పళ్ల మీదా దాదాపు ఒకేలా, సుద్దలాగానో గోధుమరంగుగానో ఉంటాయి. అవి పిప్పి కావు. మచ్చలుంటే ముందే చెప్పండి, అలాంటి ఎనామెల్‌కు సీలెంట్ అంత తేలిగ్గా అంటుకోదు.

ఆరు నెలలకోసారి చూపించండి. అంచు ఊడితే సందులోకి మళ్లీ తిండి చేరుతుంది, వెంటనే మళ్లీ వేయించాలి. ఆరేళ్లప్పుడు ఇలాగే వచ్చే మిగతా మూడు దవడ పళ్లూ అప్పుడే చూడమనండి. బ్రష్ మానకూడదు, రెండు పళ్ల మధ్య వచ్చే పిప్పిని సీలెంట్ ఆపలేదు.