నాన్నను బట్టి స్తోత్రం చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నాన్న గత నవంబరులో ప్రభువునందు నిద్రించారు. నా చిన్నతనమంతా ఆయన తాగి వచ్చి అమ్మను కొట్టేవారు. నాకు పదిహేడో ఏట మానేశారు, మళ్లీ ముట్టలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తెల్లవారుజామున బస్సు ఎక్కాల్సి వచ్చేది. మూడేళ్లపాటు నాన్న టార్చి పట్టుకుని బస్‌స్టాపు దాకా నాతో నడిచారు, ఒక్క మాటా మాట్లాడకుండా. ఇప్పుడు ఏడాది జ్ఞాపకార్థ కూడికలో నన్ను కృతజ్ఞతా సాక్ష్యం చెప్పమంటున్నాడు అన్నయ్య. పాత సంగతులు ఎత్తవద్దంటున్నాడు. ‘ప్రేమగల తండ్రి’ అనే మాట దగ్గర నా గొంతు పూడుకుపోతోంది. చెప్పలేకపోతే నేను క్షమించనట్టేనా? ఇంకొకటి. పుట్టింట మేము కథోలికులం. నవంబరు 2న సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించాలని ఉంది. మావారి సంఘంలో అది వాక్యానుసారం కాదంటారు. ఈ రోజులు వస్తుంటేనే గుండె బరువెక్కుతోంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాన్నగారి తాగుడు గురించి రెండు ముక్కల్లో తేల్చేశారు. టార్చి దగ్గర మాత్రం కాసేపు ఆగారు. మీరు గమనించారో లేదో, అడిగిన సాక్ష్యం అప్పుడే సగం రాసేశారు.

ముందు అన్నయ్యగారి మాట సంగతి చూద్దాం. ‘పాతవి ఎత్తవద్దు’ అనడంలో ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ చనిపోయినవారికి సున్నం కొట్టి నిలబెట్టడం కృతజ్ఞత కాదు. తొలి శతాబ్దాల క్రైస్తవ గురువు అగస్టీను సంగతే తీసుకోండి. క్రీ.శ. 387లో తల్లి మోనికా చనిపోయినప్పుడు ఆయనకు 33వ ఏడు. స్వయంగా తల్లి కళ్లు మూశాడు. లోపల పొంగుకొస్తున్న ఏడుపును పంతం పట్టి ఆపుకున్నాడు. స్నానం చేస్తే దుఃఖం తగ్గుతుందని ఎవరో చెబితే అదీ చేశాడు, తగ్గలేదు. ఆ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు కట్ట తెగింది. తల్లి కోసం కాసేపు ఏడ్చినందుకు ఎవరికైనా తప్పనిపిస్తే నన్ను వెక్కిరించవద్దు, నా పాపాల కోసం ఏడవండి అన్న అర్థంలో తర్వాత రాసుకున్నాడు. ఆమెను గురించి అంత ప్రేమగా రాసినవాడు, చిన్నతనంలో ఆమె దొంగచాటుగా ద్రాక్షారసం తాగే అలవాటులో పడిందని, పనిపిల్ల తాగుబోతు అని ఎత్తిపొడిస్తే మానుకుందని కూడా దాచకుండా రాశాడు. దేవునికి కృతజ్ఞత చెబుతూ రాసిన మాటల్లోనే ఇదీ ఉంది. మీ నాన్నగారి తప్పు దీనికన్నా చాలా పెద్దది, ఆ తేడా నాకు తెలుసు. దెబ్బలు తిన్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు.

ఇక క్షమాపణ. క్షమించడం వేరు, పొగడడం వేరు. ‘ప్రేమగల తండ్రి’ అనలేకపోవడం క్షమించకపోవడానికి గుర్తు కాదు. జరగనిదాన్ని జరిగిందని చెప్పడానికి మీ నోరు రావడం లేదు, అంతే. క్షమాపణ మీలో ఎంతవరకు వచ్చిందో కూడికలో లెక్క అప్పజెప్పాల్సిన పని లేదు.

‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అనే వాక్యం మీకు ఎవరో ఒకరు చూపిస్తారు. అక్కడ ఉన్న మాట ‘విషయమునందును’. దెబ్బల కోసం స్తోత్రం చెప్పమని అందులో లేదు. ఎఫెసీ పత్రికలో ‘సమస్తమునుగూర్చి’ అని ఉంది కదా అని వారు అడగవచ్చు. నిజమే, ఉంది. ఆ మాట నాకూ మింగుడుపడదు, ఇన్నేళ్లయినా. అలాంటప్పుడు యోహాను సువార్త 11వ అధ్యాయం తెరుస్తాను. చనిపోయిన స్నేహితుడు లాజరును ఉంచిన చోటికి వెళ్తూ యేసు కన్నీళ్లు విడుస్తాడు, అది 35వ వచనం. సమాధి ముందు నిలబడి తండ్రికి కృతజ్ఞత చెబుతాడు, అది 41వ వచనం. మధ్యలో ఉన్నవి ఐదు వచనాలే. ఏడుపు అయ్యాక, ముఖం కడుక్కుని వచ్చి స్తుతించమని అక్కడ ఎవరూ చెప్పలేదు. మీ గొంతు వణికితే వణకనివ్వండి.

కొవ్వొత్తి విషయంలో మీరూ మీవారూ అనుకున్నంత దూరంలో లేరని నా అభిప్రాయం. సమాధుల పండుగ అని మనవాళ్లు అనే ఈ రోజు వెయ్యేళ్ల నాటిది. ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠానికి అధిపతి అయిన ఒడిలో అనే సన్యాసి తన మఠాలలో మృతులందరి కోసం ప్రార్థించడానికి నవంబరు 2ను నిర్ణయించాడు, అక్కడినుంచి అది పాశ్చాత్య సంఘమంతటా పాకింది. 16వ శతాబ్దపు క్రైస్తవ మత సంస్కరణ తర్వాత ప్రొటెస్టంటు సంఘాలు మృతుల కోసం ప్రార్థించడాన్ని చాలావరకు పక్కన పెట్టాయి. మీవారి అభ్యంతరం అక్కడిది. అయితే నాన్న కోసం దేవుణ్ణి అడగడం ఒకటి, నాన్నను బట్టి దేవునికి స్తోత్రం చెప్పడం మరొకటి. ఆ రెండోదాన్ని వారి సంఘమూ కాదనదు, జ్ఞాపకార్థ కూడిక పెట్టుకునేది అందుకే కదా. ఆయనతో ఈ తేడా మాట్లాడండి. ఆ తర్వాత కూడా ఆయనకు మనసొప్పకపోతే బలవంతపెట్టకండి, వెలిగించడం మానుకోనూవద్దు. ఆయన పక్కన ఊరికే నిలబడవచ్చు. ఇరవై ఏళ్లో ముప్పై ఏళ్లో కలిసి బతికే ఇద్దరికి ఇంత తేడా భారం కాదు.

ఈ కాలం వస్తుంటే బరువెక్కుతోందన్నారు. తొలి ఏడాది తిరిగి వచ్చినప్పుడు చాలామందికి అలాగే ఉంటుంది. నిద్ర పూర్తిగా చెదిరిపోయినా, పాత రాత్రులు కళ్లముందు మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టు అనిపించినా మానసిక వైద్యులను కలవండి. అది విశ్వాసం తగ్గడం కాదు.

సాక్ష్యం చిన్నదిగా ఉంచండి. ‘మా ఇంట్లో చీకటి రోజులు ఉన్నాయి. దేవుడు నాన్నను అందులోనుంచి బయటికి తెచ్చాడు. ఆ తర్వాత మూడేళ్లు ఆయన చీకట్లో నాకు ముందు టార్చి పట్టుకుని నడిచారు. ఆ మూడేళ్లను బట్టి స్తోత్రం.’ ఇంతే చాలు. మొదటి వాక్యంలో అబద్ధం లేదు, వివరమూ లేదు. కాగితం చూసి చదవండి. అదీ కష్టమనిపిస్తే కీర్తన పాడి కూర్చోండి, లేదా చెప్పలేనని అన్నయ్యకు ఇవాళే ఫోను చేయండి, కూడిక రోజున కాదు.

చెప్పాలనే అనుకుంటే, ఆ కాగితం ముందుగా అమ్మకు చూపించండి. ఆమె ముందు వరుసలో కూర్చుంటారు. ‘చీకటి రోజులు’ అన్న మాట ఆమె తీసేయమంటే తీసేయండి. ఉంచమంటే, అన్నయ్య ఏమన్నా సరే, ఉంచండి.