వివాల్డిని మీ అత్తగారికి వినిపించండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. మూడేళ్లుగా వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. ఇప్పుడు వివాల్డి రాసిన ఎ మైనర్ కన్సర్టో మొదలుపెట్టారు. పొద్దున లేస్తే ఇంట్లో అదే. మా అత్తగారేమో 'త్యాగరాజస్వామి కీర్తనలుండగా ఎక్కడో ఇటలీ వాళ్ల సంగీతం మనకెందుకమ్మా, ఏం అర్థమవుతుంది' అంటున్నారు. పాప చిన్నబుచ్చుకుంటోంది. అసలు ఎవరాయన? ఆవిడకి ఏమని చెప్పను?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు పాపకి చెప్పవలసింది చెబుతాను. ఆంటోనియో వివాల్డి పిల్లలకు పాఠం చెప్పిన మాస్టారు. 1678లో వెనిస్‌లో పుట్టాడు. తండ్రి మొదట మంగలి పని చేసి, తర్వాత ఫిడేలు వాయించి బతికినవాడు. కొడుకు చర్చి ఫాదర్ అయ్యాడు. ఎర్రజుట్టు కావడంతో ఊళ్లో అందరూ 'ఎర్ర ఫాదర్' అనేవారు. ఛాతీ పట్టేసే జబ్బు వల్ల పూజ చేయించడం తొందరగానే మానేశాడు. 1703లో పియెటా అనే అనాథాశ్రమంలో ఆడపిల్లలకు వయొలిన్ నేర్పడానికి చేరాడు.

అమ్మానాన్నలు వదిలేసిన పిల్లలు వాళ్లు. ఇంటిపేరుండదు. అందుకని వాద్యమే ఇంటిపేరయ్యేది. ఆయన శిష్యురాలు ఒకామెను 'వయొలిన్ అన్నా మరియా' అనేవారు, మనం ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఫిడేలు నాయుడుగారు అనుకున్నట్టు. చర్చిలో ఎత్తున, ఊచల జాలీ వెనక నిలబడి వాయించేవారు. మనుషులు సరిగ్గా కనబడకపోయినా ఆ సంగీతం కోసం దూరదేశాల నుంచి వచ్చేవారు. వాళ్ల చేతులకని ఆయన బోలెడు కన్సర్టోలు రాశాడు. కన్సర్టో అంటే ఒకటో రెండో వాద్యాలు ముందుండగా మిగతా బృందం కలిసి వాయించే రచన. 1709లో ఆశ్రమం కమిటీ ఓటు వేసి ఆయన్ని మానిపించింది, 1711లో మళ్లీ పిలిచింది. పాప నేర్చుకునే కన్సర్టో ఆ 1711లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన సంపుటిలోది. జర్మనీలో బాఖ్ అంతటి గొప్ప సంగీతకర్త ఆ సంపుటిలోని కొన్నిటిని తన వాద్యాలకు మార్చి రాసుకున్నాడు.

ఇక మీ అత్తగారి సంగతి. ఆవిడకి ఏమీ చెప్పకండి, వినిపించండి. 1725లో అచ్చయిన నాలుగు రుతువుల కన్సర్టోల్లో రెండోది, 'ఎండాకాలం'. పది నిమిషాలు ఉంటుంది. ప్రతి రుతువుకీ ఒక పద్యం జతచేసి అచ్చువేశారు. మొదటి స్వరాల మీద ఆయన 'ఎండకి సొమ్మసిల్లడం' అని రాసిపెట్టాడు. రెండు స్వరాలు, ఆగడం, మళ్లీ రెండు. మన మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మనిషి మాట్లాడే తీరు అది. తర్వాత కోకిల, గువ్వ. గాలి మారుతుంది, పల్లెటూరి కుర్రాడు వాన భయంతో ఏడుస్తాడు. రెండో భాగంలో వాడికి కునుకు పట్టదు, చుట్టూ ఈగలు ముసురుతుంటాయి, మధ్యమధ్య ఉరుము. మూడో భాగమంతా వడగళ్లు. చేలో వెన్నులు తెగి పడతాయి.

మాది గుంటూరు పక్క పల్లె. నేను పదో తరగతి పరీక్షలు రాస్తున్న రోజులు. కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది. సాయంత్రం ఉత్తరాన మబ్బు పట్టింది. నాన్న, నేను, ఇద్దరు కూలీలు పట్టాలు పట్టుకుని పరుగెత్తాం. సగం కప్పేలోపే రాళ్లవాన. నాన్న పట్టా అంచు మీద మోకాళ్లతో కూర్చుండిపోయాడు, గాలికి లేవకుండా. మర్నాడు చూస్తే తడిసిన కాయంతా తాలు. ఆ మూడో భాగాన్ని చాలా ఏళ్ల తర్వాత విజయవాడలో ఒక స్నేహితుడి గదిలో క్యాసెట్ మీద మొదటిసారి విన్నాను. కమాను తీగల మీద అలా టపటపా పడుతుంటే నాకు నాన్న మోకాళ్లే కనిపించాయి. నేను నేర్చుకున్నదీ నేర్పుతున్నదీ కర్ణాటక సంగీతమే. అది అర్థం కావడానికి నాకు వేరే చదువేమీ అక్కర్లేకపోయింది.

'త్యాగరాజస్వామి ఉండగా' అనే మాటకి ఒకటే చెబుతాను. అన్నమయ్య పదాలు రేకుల మీద చెక్కి ఉండి కూడా, తిరుమలలో భండారం తెరిచి 1922 ప్రాంతంలో బయటికి తెచ్చేదాకా లోకానికి చాలావరకు తెలియలేదు. వివాల్డి 1741లో వియన్నాలో పేదవాడిగా పోయాక ఆయన రాతప్రతులదీ అదే గతి. 1926లో ఇటలీలో ఒక చర్చివాళ్ల బడి, భవనం బాగుచేయించడానికి డబ్బు లేక పాత కాగితాలు అమ్మకానికి పెడితే, వాటిలో ఆయన సంపుటాలు దొరికాయి. కొనిచ్చిన ఫోవా అనే ఆయన పసివాడైన కొడుకుని పోగొట్టుకున్న తండ్రి, బిడ్డ పేరునే ఆ ప్రతులను టూరిన్ లైబ్రరీకి ఇచ్చాడు. మిగతా సగం కూడా కొడుకుని పోగొట్టుకున్న ఇంకో తండ్రే కొనిచ్చాడు. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫ్యాను కింద అత్తగారిని కూర్చోబెట్టి, పాప చేతనే ఆ పల్లెటూరి కుర్రాడి కథ చెప్పించి, మూడు భాగాలూ పెట్టండి. మధ్యలో ఫోన్ ఎత్తకండి. ఆవిడ ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.